ఒకరికి నలుగురు, ఒకరికి ఎవ్వరూ లేరు: జపాన్ బేస్‌బాల్‌లో తూకం తప్పిన ట్రేడ్‌లు

#1 ఉప్పాడతీరం

జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒక జట్టు బాగుపడి, ఇంకో జట్టు నిండా మునిగిన ట్రేడ్‌ల జాబితా ఒకటి ఇక్కడ తయారు చేద్దాం. ఒక్కటే షరతు. తర్వాత ఎవరు ఎన్ని హోమ్ రన్లు కొట్టారో రాసి ఊరుకోవద్దు. బేరం కుదిరిన రోజున ఎవరి చేతిలో ఏముంది, ఎవరికి తొందర, ఆటగాడు ఎఫ్‌ఏకి (కొన్నేళ్లు ఆడాక నచ్చిన జట్టుకి వెళ్లే హక్కు) ఎంత దూరంలో ఉన్నాడు, ఇవన్నీ రాయాలి.

మొదటిది నేనే వేస్తున్నా. 1986 డిసెంబర్. లొట్టె ఓరియన్స్ నుంచి హిరోమిత్సు ఒచియాయ్ చునిచి డ్రాగన్స్‌కి వెళ్లాడు. అటు నుంచి వచ్చింది నలుగురు: రిలీవర్ (ఆట మధ్యలోనో చివర్లోనో దిగే పిచర్) కజుహికో ఉషిజిమా, సెకండ్ బేస్ ఆడే సెయిజి కమికవా, పిచర్లు సదహరు హిరనుమా, షిగెరు కువాతా. ఒచియాయ్ అప్పటికే మూడుసార్లు ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు (ఒకే ఏడు సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు అంటే తన బ్యాట్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు, మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం). 1985లో సగటు .367, 52 హోమ్ రన్లు, 146 ఆర్‌బీఐలు. 1986లో .360, 50, 116. అలాంటి వాణ్ని వదులుకోవడం కన్నా పెద్ద తప్పిదం ఉంటుందా?

#2 కొత్తబంతి

నేను ఈ ఆటకి కొత్త, ఏమీ అనుకోకండి. వరుసగా రెండేళ్లు ట్రిపుల్ క్రౌన్ కొట్టినవాణ్ని ఎందుకు పంపారు? పోనీ, అతను రానంటే ఏమయ్యేది? ఐపీఎల్‌లో అయితే ట్రేడ్‌కి ఆటగాడి సమ్మతి కావాలి కదా.

#3 స్కోర్‌బుక్

కొత్తబంతి గారూ, అక్కడ సమ్మతి అడగరు. ఆటగాళ్లందరూ సంతకం పెట్టే ఒప్పందం ఒకటే నమూనాలో ఉంటుంది. జట్టు తన ఒప్పందాన్ని ఇంకో జట్టుకి బదిలీ చేయవచ్చు అన్నది అందులోనే ఉంది. రానంటే ఆట మానుకోవడమే మిగిలేది.

ఇంకో ముఖ్యమైన తేడా: డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) హక్కుల్ని ట్రేడ్ చేయడానికి వీల్లేదు. అమెరికాలోలాగా మైనర్ లీగ్ కుర్రాళ్లను మూటగట్టి ఇచ్చే అలవాటు కూడా తక్కువ. కాబట్టి తక్కెడలో వేయడానికి ఉన్నవి రెండే, ఇప్పుడు ఆడుతున్న ఆటగాళ్లు, డబ్బు. పైగా ఒక్కో జట్టు నమోదు చేసుకోగలిగేది 70 మందినే. ఒకరిని ఇచ్చి నలుగుర్ని తీసుకుంటే ముగ్గురికి కొత్తగా చోటు చూడాలి. కొత్త నమోదుకి మామూలుగా గడువు జూలై 31. అది దాటితే ఆ సీజన్‌లో ట్రేడ్ లేనట్టే.

ఉప్పాడతీరం గారికి చిన్న దిద్దుబాటు. ఎఫ్‌ఏ పద్ధతి వచ్చింది 1993లో. 1986లో లొట్టెకి ఆ గడియారం భయమే లేదు, ఒచియాయ్‌ని రిటైరయ్యేదాకా ఉంచుకోవచ్చు. (అదే ఒచియాయ్ 1993 చివర, పద్ధతి వచ్చిన మొదటి ఏడే, ఎఫ్‌ఏ వాడుకుని జెయింట్స్‌కి వెళ్లిపోయాడు.) మరి ఎందుకు పంపారంటే, అతన్ని నమ్మిన మేనేజర్ కజుహిసా ఇనావోని ఆ ఏడు తీసేశారు. ఆయన లేని చోట నేనుండి ఏం లాభం అని ఒచియాయ్ బాహాటంగానే అన్నాడు. చునిచిలో 1987కి అతని జీతం 13 కోట్ల యెన్లు. జపాన్ ఆటగాళ్లలో 10 కోట్లు దాటిన మొదటివాడు అతనే. కవాసాకి స్టేడియంలో ఖాళీ కుర్చీల ముందు ఆడే లొట్టెకి అది మోయలేని బరువు.

#4 వరంగల్ వైండప్

నలుగురని లెక్కపెట్టుడే తప్పన్నా. అసలు సరుకు ఉషిజిమా ఒక్కడే. 1987ల 24 సేవ్‌లు (ఆఖర్ల దిగి గెలుపును కాపాడుడు) చేసి పసిఫిక్ లీగ్‌ల (అక్కడ రెండు లీగ్‌లు, ఇంకోటి సెంట్రల్) ఉత్తమ రిలీవర్ అయిండు. 1989ల స్టార్టర్‌గ (ఆట మొదలుపెట్టే పిచర్) మారి 12 గెలిచి 5 ఓడిండు. ఆ తర్వాత భుజం దెబ్బతిన్నది, అంతే. కమికవా కొన్నేండ్లు సెకండ్ బేస్ దగ్గర పనికొచ్చిండు. హిరనుమా పేరు ఇప్పటికి గుర్తున్నదంటే బౌలింగ్‌తోని కాదు, 1989ల బాల్ తగిలినందుకు సెయిబు బ్యాటర్ కియోహర బ్యాట్ ఇసిరేసి మీదికి ఉరికిండు సూడు, ఆ పిచర్ ఈయనే. కువాతా ముద్ర ఏం లేదు.

స్థానాలు సూడుండ్రి. చునిచి 86ల అయిదు, 87ల రెండు, 88ల ఒకటి. లొట్టె 86ల నాలుగు, 87ల అయిదు, 88, 89ల అడుగున. ఇగ తూకం మీరే సెప్పుండ్రి.

#5 తొమ్మిదో ఇన్నింగ్స్

వైండప్, బేస్‌బాల్‌లో బౌలింగ్ ఎక్కడిది తమ్ముడూ, పిచింగ్ అను :)

ఆ పట్టికని అలా పక్కపక్కన పెడితే ఒచియాయ్ ఒక్కడే చునిచిని మోసినట్టు కనబడుతుంది. అది నిజం కాదు. 1987లో అతనికి ఒక్క టైటిలూ రాలేదు, .331, 28 హోమ్ రన్లు. 1988లో సగటు .293కి పడింది. ఆ ఏడు లీగ్ గెలవడానికి పెద్ద కారణాలు ఇద్దరు పిచర్లు.

ఒకరు తైవాన్ నుంచి వచ్చిన గువో యువాన్‌చి. ఉషిజిమా వెళ్లిపోయాక చివరి ఇన్నింగ్స్‌కి మనిషి లేక, స్టార్టర్‌గా ఉన్న ఇతన్ని అక్కడికి మార్చారు. 1988లో 37 సేవ్‌లు, ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు). అంటే ఉషిజిమాని ఇవ్వడం వల్ల పడ్డ ఖాళీయే వాళ్లకి కలిసొచ్చింది. ట్రేడ్ కాగితం మీద ఈ పేరు ఎక్కడా ఉండదు.

ఇంకొకరు కజుయుకి ఒనో. 1987 చివర సెయిబుకి ఔట్‌ఫీల్డర్ కెన్ హిరనోని ఇచ్చి తెచ్చుకున్నారు, ఒకరికి ఒకరు. ఒనో 1988లో 18 గెలిచి 4 ఓడాడు, సెంట్రల్ లీగ్‌లో అత్యధిక విజయాలు. ఆ ఏడు జపాన్ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల తుది పోరు) ఎదురైంది ఎవరనుకున్నారు? హిరనో ఉన్న సెయిబే, గెలిచింది కూడా వాళ్లే. ఒనో ఆ ఒక్క ఏడాదితో సరి, మళ్లీ ఆ స్థాయి అందుకోలేదు. హిరనో సెయిబు కుడి ఔట్‌ఫీల్డ్‌లో 1993 దాకా ఉన్నాడు. మొదటి ఏడాది చూస్తే చునిచి లాభపడింది, ఆరేళ్లు చూస్తే సెయిబు. అందుకే ఎన్నేళ్లకి లెక్క కడుతున్నామో ముందే తేల్చుకోవాలి.

#6 బెంచ్‌సీటు

నా ఓటు 1978 డిసెంబర్‌కి. హన్షిన్ టైగర్స్ ఇచ్చింది క్యాచర్ కోయిచి తబుచి, పిచర్ కెంజి ఫురుసవా. సెయిబు లయన్స్ నుంచి తెచ్చుకున్నది అకినొబు మయుమి, యోషిహరు వకానా, మసాషి తకెనౌచి, కజుఫుమి తకెదా.

ఆ రోజు పేపర్లో ఇది హన్షిన్ నెత్తిన పిడుగు. తబుచి అంటే మామూలు ఆటగాడా? వరుసగా 13 ఏళ్లు సెంట్రల్ లీగ్ హోమ్ రన్ కిరీటం పెట్టుకున్న సదహరు ఓని 1975లో 43 హోమ్ రన్లతో దించినవాడు. కానీ వయసు 32, ఒళ్లు బరువు, గాయాలు. సెయిబు సంగతి వేరు. ఫుకువొకా జట్టుని అప్పుడే కొని తొకొరొజావా తెచ్చారు, కొత్త స్టేడియానికి జనం రావాలి, దానికో పెద్ద పేరు కావాలి. తొందర ఉన్నది సెయిబుకే, అందుకే నలుగుర్ని ఇచ్చారు.

వకానా వెంటనే హన్షిన్ ప్రధాన క్యాచర్ అయ్యాడు. మయుమికి అప్పుడు పాతికేళ్లు. 1983లో .353తో బ్యాటింగ్ టైటిల్. 1985లో మొదటి బ్యాటర్‌గా దిగి 34 హోమ్ రన్లు, .322. హన్షిన్ మొట్టమొదటి జపాన్ సిరీస్ విజయం ఆ ఏడాదిదే, రెండోది రావడానికి 2023 దాకా ఆగాల్సొచ్చింది.

తబుచి ఏమీ తేలిపోలేదు. 1980లో 43 హోమ్ రన్లు, 1982, 1983ల్లో సెయిబు విజేత జట్టులో ఉన్నాడు. మొత్తం 474లో 154 అక్కడే కొట్టాడు. అయినా నా తక్కెడ హన్షిన్ వైపే.

#7 ఉప్పాడతీరం

ఇందులో హన్షిన్ తెలివి ఎంత, సెయిబు అవసరం ఎంత?

#8 బెంచ్‌సీటు

ముప్పాతిక సెయిబు అవసరమే. అయితే అప్పుడు సెయిబు మేనేజర్ రికువో నెమొతో. ఆయన్ని తక్కువ అంచనా వేయకూడదు. ఆయనకి కావలసింది ఆ ఒక్క ఏడాది గెలుపు కాదు, జట్టుకో ముఖం. పదిహేనేళ్ల తర్వాత దైయే హాక్స్‌కి వెళ్లాక మళ్లీ అదే పని చేశాడు. 1993 చివర సెయిబు నుంచి కోజి అకియామా, తొమియో వతానబె, తొమొయుకి ఉచియామాలను తీసుకుని, మకొతో ససాకి, మురతా, తకెహిరో హషిమొతోలను ఇచ్చాడు. మొదటి ఏడాది సెయిబు మళ్లీ లీగ్ గెలిచింది, హషిమొతో చాలాకాలం పనికొచ్చే ఎడమచేతి రిలీవర్ అయ్యాడు. ఇక్కడ దాకా చూస్తే సెయిబుదే పైచేయి. కానీ అకియామాది క్యూషూలోని కుమమొతో, ఫుకువొకా జట్టుకి ఇంటి మనిషి. 1999లో దైయే జపాన్ సిరీస్ గెలిస్తే సిరీస్ ఎంవీపీ అతనే, తర్వాత 2009 నుంచి 2014 దాకా అదే జట్టు మేనేజర్. ఇది ఏ గణాంకంలో వేస్తారు?

#9 కొత్తబంతి

సమానమైన ట్రేడ్‌లు అసలు లేవా?

#10 స్కోర్‌బుక్

ఎందుకు లేవు? 1963 చివర హన్షిన్ పిచర్ మసాకి కొయామా, దైమాయ్ బ్యాటర్ కజుహిరో యమౌచి ఒకరికొకరు మారారు. మరుసటి ఏడు కొయామా 30 విజయాలు, యమౌచి 31 హోమ్ రన్లు, హన్షిన్‌కి లీగ్. ఇద్దరికీ కడుపు నిండింది, మన జాబితాకి పనికిరాదు.

#11 నకిలీకర్వ్

ఎవరూ ఎగవా మాట ఎత్తరేం? బలవంతపు ట్రేడ్ అంటే అదే కదా.

పిచర్ సుగురు ఎగవా రెండుసార్లు డ్రాఫ్ట్‌లో ఎంపికై కాదన్నాడు, 1973లో హన్‌క్యూని, 1977లో క్రౌన్ లైటర్‌ని. అతని చూపంతా జెయింట్స్ మీదే. 1978 నవంబర్ 22న డ్రాఫ్ట్. పాత జట్టు హక్కు ముగిసిన మర్నాడు, డ్రాఫ్ట్‌కి ముందురోజు, అంటే 21న ఏ జట్టుకీ హక్కు లేదన్న సందు చూసి జెయింట్స్ సంతకం పెట్టించుకుంది. లీగ్ కొట్టేసింది. జెయింట్స్ డ్రాఫ్ట్‌ని బహిష్కరించింది. నాలుగు జట్లు చీటీ తీస్తే హన్షిన్‌కి తగిలింది. చివరికి కమిషనర్ కనెకో చెప్పిన దారి: ఎగవా ముందు హన్షిన్‌తో ఒప్పందం చేసుకోవాలి, తర్వాత ట్రేడ్ మీద జెయింట్స్‌కి వెళ్లాలి. 1979 జనవరి 31న బదులుగా వెళ్లింది షిగెరు కొబయాషి, శిక్షణ శిబిరానికి బయల్దేరినవాణ్ని హనెదా విమానాశ్రయం నుంచి వెనక్కి పిలిపించారు.

ఆ ఏడు కొబయాషి 22 గెలిచి 9 ఓడాడు. జెయింట్స్ మీద 8-0. మొదటిసారి సవమురా అవార్డు (ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) కూడా అందుకున్నాడు. ఎగవా 9-10, జెయింట్స్ అయిదో స్థానం.

#12 స్కోర్‌బుక్

అన్నీ సరే, సవమురా అవార్డు అతనికి మొదటిసారి కాదు. 1977లో జెయింట్స్‌లో ఉండగా 18-8తో ఒకటి వచ్చింది. అది ముఖ్యమే. జెయింట్స్ ఇచ్చింది పనికిరానివాణ్ని కాదు, రెండేళ్ల కిందటి ఉత్తమ పిచర్‌ని.

పూర్తి లెక్క: కొబయాషి హన్షిన్‌లో అయిదేళ్లు, 77 విజయాలు, 1983తో ఆపేశాడు. ఎగవా జెయింట్స్‌లో తొమ్మిదేళ్లు, 135-72, 1981లో 20-6తో ఎంవీపీ. మొదటి ఏడాది అవమానం జెయింట్స్‌కి, తొమ్మిదేళ్ల లాభమూ జెయింట్స్‌కే. నా దృష్టిలో ఇది ఏకపక్షం కాదు. పద్ధతి దుర్మార్గం, తూకం మాత్రం కాస్త అటూ ఇటూ.

#13 వరంగల్ వైండప్

ఒకరికి ఒకరు, ఒకరికి నలుగురు అయిపోయినయ్. ఒకరికి ఎవ్వరు లేకుంట ఇచ్చిన ముచ్చట ఇనుండ్రి.

2003. దైయే హాక్స్ కెప్టెన్ లాంటి హిరోకి కొకుబో మార్చి నెల మ్యాచ్‌ల హోమ్ ప్లేట్ కాడ మోకాలు ఇరగ్గొట్టుకుని సీజనంత ఆడలే. ఆయన లేకున్నా దైయే జపాన్ సిరీస్ గెల్చింది. ఇగుచి, మత్సునకా, జొజిమా, వాల్దెస్, నలుగురు నూరు ఆర్‌బీఐలు దాటిండ్రు. గెల్సిన వారానికే నవంబర్ 3న కొకుబోని జెయింట్స్‌కి ఉత్తగనే ఇచ్చేసిన్రు. మనిషి రాలే, పైసా రాలే. దాన్నే వాళ్లు 'ముషో ట్రేడ్' అంటరు. జట్టు పిలగాండ్లకు ఎంత కోపమొచ్చిందంటే గెలుపు యాత్రకు పోమని అడ్డం తిరిగిన్రు.

2004ల జెయింట్స్‌కి కొకుబో .314, 41 హోమ్ రన్లు. జెయింట్స్ చరిత్రల 40 దాటిన మొదటి కుడిచేతి జపాన్ బ్యాటర్.

#14 తొమ్మిదో ఇన్నింగ్స్

దాని కొస కూడా చెప్పు వైండప్. 2006 చివర అతను ఎఫ్‌ఏగా అదే జట్టుకి, అప్పటికి సాఫ్ట్‌బ్యాంక్ అయిన హాక్స్‌కి, తిరిగొచ్చాడు. 2011 జపాన్ సిరీస్ ఎంవీపీ నలభై ఏళ్ల కొకుబోనే. జెయింట్స్‌కి మూడేళ్ల అరువు ఇచ్చినట్టయింది.

ఊరికే ఇచ్చిన రెండో ప్రసిద్ధ కేసు శో నకతా. 2020లో 108 ఆర్‌బీఐలతో పసిఫిక్ లీగ్‌లో మొదటివాడు. 2021 ఆగస్టు 4న తోటి ఆటగాడి మీద చేయి చేసుకున్నందుకు నిప్పన్ హామ్ సస్పెండ్ చేసింది, 20న జెయింట్స్‌కి బదులు లేకుండా పంపింది. మామూలుగా జూలై 31 దాటాక ఇది కుదరదు. ఒలింపిక్స్ విరామం వల్ల ఆ ఏడు గడువు ఆగస్టు 31 దాకా పొడిగించారు కాబట్టే కాగితం కదిలింది. 2022లో 24 హోమ్ రన్లు. ఇక్కడ నిప్పన్ హామ్ కొనుక్కున్నది ఆటగాణ్ని కాదు, తలనొప్పి పోవడాన్ని. తూకం రాళ్లు పనిచేయవు.

#15 నకిలీకర్వ్

డబ్బుకి అమ్మేసినవాటిలో రాల్ఫ్ బ్రయంట్‌ని మించింది లేదు. 1988లో ఒకటో జట్టులో ఇద్దరు విదేశీయులకే చోటు. చునిచికి గువో, గ్యారీ రైసిచ్ ఉన్నారు, బ్రయంట్ రెండో జట్టులో మగ్గుతున్నాడు. జూన్‌లో కింతెత్సు విదేశీ బ్యాటర్ డిక్ డేవిస్ గంజాయి కేసులో అరెస్టయ్యాడు. ఒకరి దగ్గర మనిషి ఎక్కువ, ఒకరి దగ్గర చోటు ఖాళీ. డబ్బిచ్చి తీసుకెళ్లారు. 74 మ్యాచ్‌లలో 34 హోమ్ రన్లు. 1989లో 49, ఎంవీపీ. అక్టోబర్ 12న సెయిబుతో ఒకే రోజు రెండు మ్యాచ్‌లలో నాలుగు కొట్టి లీగ్‌నే తిప్పేశాడు. స్ట్రైకౌట్‌లూ (బంతిని కొట్టలేక ఔటవడం) అంతే ధారాళం, 1993లో 204, అది ఇప్పటికీ రికార్డే.

#16 ఉప్పాడతీరం

చునిచిది తప్పంటారా?

#17 నకిలీకర్వ్

కాదు. ఆ ఏడు వాళ్లు లీగ్ గెలిచారు. వాడలేని సరుకు అమ్మారు. ఏకపక్షం అనొచ్చు, మూర్ఖత్వం అనలేం.

#18 స్కోర్‌బుక్

ఎఫ్‌ఏ వచ్చాక ట్రేడ్ ఎలా మారిందో చూడాలంటే 2013 జనవరి 23. నిప్పన్ హామ్ నుంచి యోషియో ఇతోయ్, తొమొయా యాగి. ఓరిక్స్ నుంచి హిరోషి కిసనుకి, కెయిజి ఒబికి, షోగో అకదా.

ఒకటో జట్టులో 145 రోజులు ఉంటే ఒక ఏడాది కింద లెక్క. అలాంటివి ఎనిమిది నిండితే దేశంలో ఎఫ్‌ఏ, తొమ్మిదికి విదేశీ ఎఫ్‌ఏ. 2007 డ్రాఫ్ట్ నుంచి కాలేజీ, కంపెనీ జట్ల వాళ్లకి దేశంలో ఏడే. ఇతోయ్ డ్రాఫ్ట్ అయ్యింది పిచర్‌గా, 2006లో ఔట్‌ఫీల్డ్‌కి మారాడు, కాబట్టి గడియారం ఆలస్యంగా మొదలైంది. వయసు 31, చేతిలో ఇంకా కొన్నేళ్లు. అమెరికా వెళ్తానని అడిగాడు. విలువ ఎక్కువున్నప్పుడే అమ్మాలన్నది ఆ క్లబ్ తీరు.

ఓరిక్స్‌కి ఇతోయ్ నాలుగు సీజన్లు ఆడాడు. 2014లో .331తో బ్యాటింగ్ టైటిల్, 2016లో 35 ఏళ్ల వయసులో 53 దొంగిలించిన బేస్‌లతో (ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరుకున్నవి) సెయిబు ఆటగాడు కనెకోతో సమంగా అగ్రస్థానం. అటు కిసనుకి మొదటి ఏడు 9-8, తర్వాత జారిపోయాడు. ఒబికి రెండేళ్లకే ఎఫ్‌ఏగా యకుల్ట్‌కి. పేర్లు పక్కన పెట్టి చూస్తే ఓరిక్స్ ఇల్లు నిండింది.

కానీ ఇతోయ్ ఖాళీ చేసిన ఔట్‌ఫీల్డ్‌లోకి హరుకి నిషికవా వచ్చాడు. 2014లో 43 దొంగిలించిన బేస్‌లతో లీగ్‌లో మొదటి స్థానం. 2016లో నిప్పన్ హామ్ జపాన్ విజేత. ఓరిక్స్ అత్యుత్తమంగా ఆడిన 2014లో 80 మ్యాచ్‌లు గెలిచి కూడా, 78 గెలిచిన సాఫ్ట్‌బ్యాంక్ కన్నా .563కి .565 తేడాతో రెండో స్థానంలో ఆగింది. డ్రాలు ఎక్కువున్న జట్టుకి శాతం కలిసొచ్చే పద్ధతి అది.

#19 కొత్తబంతి

నిషికవాని ట్రేడ్ లెక్కలో ఎలా వేస్తాం సార్? అతను ఆ ట్రేడ్‌లో లేడుగా.

#20 తొమ్మిదో ఇన్నింగ్స్

గువోని వేసినట్టే. ట్రేడ్ విలువ కట్టేటప్పుడు వచ్చినవాడు ఎవరి స్థానంలో ఆడాడు, పోయినవాడి స్థానంలో ఎవరొచ్చారు అని రెండు వైపులా చూడు. ఆ స్థానానికి అప్పటికే కుర్రాడు సిద్ధంగా ఉంటే నష్టం సగానికి తగ్గుతుంది. లేకపోతే రెట్టింపు.

ఆ లెక్కన నిజంగా గుండు సున్నా మిగిలింది ఓరిక్స్‌కి 2006 నవంబర్‌లో. యోషితొమొ తానిని జెయింట్స్‌కి ఇచ్చి తకాషి కమోషిదా, మసహిరో ఒసదాలను తీసుకున్నారు. తానికి రెండేళ్లుగా గాయాలు, సగటు పడిపోయింది, అయిపోయాడనుకున్నారు. 2007లో .318, జెయింట్స్ వరుసగా మూడేళ్లు లీగ్ గెలిచింది. వచ్చిన ఇద్దరూ ఓరిక్స్‌లో కుదురుకోలేదు, తాని స్థానంలో ఎదిగినవాడూ లేడు.

#21 బెంచ్‌సీటు

ఎఫ్‌ఏ పరిహారం కూడా ఇందులోకే వస్తుంది. జీతంలో జట్టులో మొదటి పదిమందిలో ఉన్నవాడు ఎఫ్‌ఏగా వెళ్తే, తీసుకున్న జట్టు 28 మందిని కాపాడుకుని జాబితా ఇస్తుంది, పోగొట్టుకున్న జట్టు మిగతావాళ్లలో ఒకణ్ని ఎంచుకోవచ్చు. 2013 చివర జెయింట్స్ హిరోషిమా నుంచి కన్ ఒతకెని తెచ్చుకుంటే, హిరోషిమా ర్యుజి ఇచియొకాని తీసుకెళ్లింది. 2014లో అతని ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన పరుగుల సగటు, ఎంత తక్కువైతే అంత మేలు) 0.58. తప్పు ఎక్కడంటే, బలమైన జట్టుకి 28 చాలదు. 29వ వాడు ఇంకో జట్టులో రోజూ ఆడేవాడు.

2022 డిసెంబర్‌లో మొదలైన, జట్లు ఒకరి ఆటగాళ్లను ఒకరు ఎంచుకునే 'గెన్‌యెకి డ్రాఫ్ట్'దీ అదే కిటుకు. ప్రతి జట్టూ కనీసం ఇద్దరి పేర్లు ఇవ్వాలి, ఎక్కువమంది కోరిన ఆటగాణ్ని పెట్టిన జట్టు ముందు ఎంచుకుంటుంది. కొతరో ఒతకె సాఫ్ట్‌బ్యాంక్ నుంచి హన్షిన్‌కి వెళ్లి 2023లో 12-2, ఈఆర్‌ఏ 2.26. సెయ్యా హొసొకవా డీఎన్‌ఏ నుంచి చునిచికి వెళ్లి 24 హోమ్ రన్లు.

#22 వరంగల్ వైండప్

ఎనత్సుని మర్సిపోయిన్రు. 1980 చివర హిరోషిమా యుతకా ఎనత్సుని నిప్పన్ హామ్‌కిచ్చి నవొకి తకహషిని తెచ్చుకున్నది. హిరోషిమా వరుసగ రెండేండ్లు గెల్సిన జట్టు, 1979ల ఎనత్సు ఎంవీపీ. పోయిన ఏడే పసిఫిక్‌ల 25 సేవ్‌లు, మల్ల ఎంవీపీ, రెండు లీగ్‌లల్ల తీసుకున్న మొదటోడు. తకహషి హిరోషిమాల నిలదొక్కుకోలే.

#23 స్కోర్‌బుక్

నిజమే, కానీ తకహషి అక్కడి నుంచి సెయిబుకి వెళ్లి 1983లో 13-3. మనిషిలో సరుకు ఉంది, హిరోషిమా వాడుకోలేకపోయింది. ఇంకోటి, 1981 నిప్పన్ హామ్‌లో 14 గెలిచిన కజుమి తకహషి కూడా ట్రేడ్‌లో వచ్చినవాడే, 1975 చివర ఇసావో హరిమొతోని జెయింట్స్‌కి ఇచ్చినప్పుడు. ఆ హరిమొతో 1976లో .35477 కొట్టి, చునిచి యజవా .35484 చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాడు. జెయింట్స్ మాత్రం అట్టడుగు నుంచి మొదటి స్థానానికి వచ్చింది. ఉప్పాడతీరం గారూ, జాబితాలో ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టండి, ఒకే జట్టు ఒకసారి పెద్ద పేరు ఇచ్చింది, ఒకసారి తెచ్చుకుంది.

#24 ఉప్పాడతీరం

పెడతాను. ఒచియాయ్‌ని మొదటి స్థానం నుంచి దించి తానిని ఎక్కిస్తున్నా. తబుచి-మయుమి రెండు. ఎగవాని విడిగా 'బలవంతపువి' కింద వేస్తా. కొకుబో ఎక్కడ వేయాలో తేలలేదు, బదులు సున్నా అయినప్పుడు భాగహారం కుదరదు.

#25 వరంగల్ వైండప్

కొకుబోని 'అరువు' కింద ఎయ్యన్నా.